కాళ్ళకు పసుపు పెట్టుకున్న తేనెటీగ

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పాడు. తేనెటీగ పాఠం వచ్చినప్పుడు, "అది కాళ్ళకు పసుపు పెట్టుకొని ఇంటికి పోతది బిడ్డా" అన్నాడు. పుప్పొడి ముద్దల సంగతి అది. అప్పటి నుంచీ ఆ కాళ్ళను ఒక్కసారి దగ్గరగా చూడాలని నా కోరిక. వంగి చూసేలోపే ఎగిరిపోయేది.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, కొత్తగూడెంలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఒకటి కొన్నాడు. బతిమాలితే నాలుగు రోజులు వాడుకోమని ఇచ్చాడు. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు.

"కదలకుండ కూసున్న మనుషులనే మసకమసకగ తీస్తవ్, ఎగిరే ఈగలను తీస్తవా అక్కా?" అని పైగా ఎగతాళి.

మా పెరట్లో గడ్డి గులాబీలు తొమ్మిదింటికి విచ్చుకునేవి. పూజ ముగించుకొని, తడి జుట్టుతోనే వాటి ముందు నేల మీద బోర్లా పడుకునేదాన్ని. బటన్ నొక్కితే ఆ కెమెరా కాసేపు ఆలోచించి అప్పుడు క్లిక్‌మనేది. ఈలోగా ఈగ పక్క పువ్వు మీదికి పోయేది. నాకు దక్కేది ఉత్త పువ్వు, లేదంటే ఓ గోధుమరంగు మరక. గాలి వీస్తే పువ్వు ఊగేది, నా నీడ పడితే ఈగ లేచిపోయేది. రామా రామా అనుకుంటూనే పళ్ళు కొరికేదాన్ని. మా అత్తమ్మ గడపలోంచి రోజూ అదే మాట: "చీమలు కరుస్తయే, లెవ్వు. ఎవలన్న జూస్తే కండ్లు తిరిగి పడ్డవనుకుంటరు."

మూడో రోజు, శనివారం, పక్క గూడెం నుంచి చీపుర్లు అమ్మే అన్న వచ్చాడు. అడవిలో తేనె తీయడంలో అతనిది అందెవేసిన చెయ్యి. నన్ను చూసి ఆగాడు.

"ఏం జేస్తున్నవమ్మా?"

"తేనెటీగలను తీస్తున్ననన్నా. మూడు దినాలాయె, ఒక్కటి సక్కగ వస్తలేదు." తల తిప్పకుండానే చెప్పాను. కెమెరా పూలమొక్కల మధ్య ఉంది, అతనికి కనిపించదు.

"నువ్వేం తీస్తవమ్మా, కుడతయి. ఎటు పోతున్నయో నేను జూస్త."

నాకు సగమే చెవిన పడింది. "అవ్, చూడన్నా" అన్నాను. నా నోరే నాకు శత్రువు.

మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చాడు. చేతిలో ఆకుదొప్ప, అందులో తేనె కారుతున్న పట్టు. ఈగల వెంబడే పోయి, దడి అవతల పొదలో పట్టు కనిపెట్టి, పొగపెట్టి, కోసుకొచ్చాడు.

"ఇగో, తీసిన. జల్దీ తినుండ్రి."

అతని కంటి కింద వాచి ఉంది.

"అయ్యో అన్నా, నేను ఫోటో తీస్తున్న!"

"ఫోటో అనలే నువ్వు. తీస్తున్న అన్నవ్."

నిజమే, అనలేదు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వాపు మీద సున్నం రాసి, మజ్జిగ ఇచ్చి పంపాను. తేనె దేవుడి ముందు పెట్టి, ఇంత మంచి మనుషుల నడుమ నన్ను ఉంచినందుకు దండం పెట్టుకున్నాను. ఆ దండంలో సగం విసుగే.

ఆదివారం పూలు విరగబూశాయి. ఈగ ఒక్కటి లేదు. తొమ్మిదిన్నర, పది, పదిన్నర. తమ్ముడు రానే వచ్చాడు. వేళ్ళకంటిన తేనె నాకుతూ, "ఫోటోకన్న ఇదే నయం. ఇగ తే అక్కా" అని చెయ్యి చాపాడు.

"నోర్మూసుకొని కదలకుండ నిలబడు!"

ఎక్కడిదో ఒక ఈగ వచ్చి వాలింది. నొక్కాను. కెమెరా ఆలోచిస్తూ ఉండగానే అది పువ్వు నడుమ కేసరాల్లోకి తల దూర్చేసింది. అప్పుడు క్లిక్‌మంది.

తమ్ముడు తెర మీద చూసి పగలబడి నవ్వాడు. "తలకాయేది? ముడ్డి ఒక్కటే వచ్చింది గద!"

వెనక కాళ్ళు రెండూ వచ్చాయి. మసక లేదు. ఒక్కో కాలికి ఒక్కో ముద్ద, మెత్తగా అద్దినట్టు, పచ్చగా.

"తలకాయ నాకెందుకురా, కాళ్ళు జూడు" అన్నాను. వాడు బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టేదాకా కెమెరా ఇవ్వలేదు.