అందరూ పట్టిన ఫోటో

మెట్‌పల్లిలో మా గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురింటి గోడకు వీపు ఆనించి తీసినా ఫోటోలో నలుగురికి మించి పట్టేవారు కాదు. మా అవ్వ, అదే మా అమ్మ, చనిపోయిన రోజు మాత్రం చుట్టాలంతా పట్టారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు జరిగిన సంగతి. నేను అప్పటికి ఇంకా లంగా జాకెట్ల పిల్లనే.

మగ్గం మీద బతికే ఇంట్లో ఆడమనిషికి ఫోటో ఎవరు తీయిస్తారు? బతికుండగా అవ్వకు ఒక్కటీ లేదు. పోయాక మాత్రం, మా వైపు రివాజు ప్రకారం, స్నానం చేయించి, పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి స్టూడియో ఆయనను పిలిచారు. నాకు ఏడుపు రాలేదు. ఆమె ముఖం ఒకటి ఇంట్లో మిగిలితే చాలనుకున్నాను.

ఆయన ఆ మధ్యే బొంబాయి నుంచి పాత లెన్సు ఒకటి తెప్పించాడు. ముందువైపు అద్దం బాగా ఉబ్బి ఉంటుంది. దూరం కంటితో అంచనా కట్టి, లెన్సు మీది అంకెకు చేత్తో తిప్పుకోవాలి. కొత్త మోజులో ఉన్నాడు.

“గిది గల్లీ మొత్తం మింగుతది. అందరొస్తరు,” అన్నాడు.

“నాకు అవ్వ మొఖమొక్కటే గావాలె బాపూ,” అన్నాను మా నాన్నతో.

“ఎవల్ని ఇడిస్తే వాళ్లు మాటంటరు బిడ్డా. రానియ్యి.”

వచ్చారు. పెళ్లి ఫోటోకు సర్దుకున్నట్టు అవ్వకు అటూ ఇటూ వంపుగా నిలబడ్డారు. కెమెరాకు దగ్గరగా, ఓ చివరన మా మేనత్త. అవ్వతో ఏళ్లుగా మాటల్లేని మనిషి.

ఫోటోలో మేనత్త ముఖం గుమ్మడికాయంత సాగింది. అందరికంటే వెనక, నడుమ, అవ్వ ముఖం కందిగింజంత. పెద్దది చేసి ఇమ్మంటే మసక తప్ప ఏమీ రాలేదు.

దానికే అద్దం కట్టించి గోడకు తగిలించాం. సంవత్సరీకం నాడు బాపు దండ వేసి, ముత్తైదువగా పోయింది కదా అని అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టాడు. ముఖమంతా బొట్టు కిందికి పోయింది. తుడిచి అగ్గిపుల్లతో పెట్టాడు. అయినా పోయింది. తువ్వాల కొసతో శుభ్రంగా తుడిచాడు.

“మీ అవ్వకు బొట్టు వద్దు బిడ్డా. మొఖం కనవడని,” అన్నాడు.

బొట్టుతో పోవాలని ఏటా నోములు పట్టిన మనిషి ఆమె. బాపు బతికినంత కాలం ఆ అద్దం మీద మళ్లీ బొట్టు పడలేదు.