వీరభద్రం కొట్టని కొబ్బరికాయ

ఇన్నాళ్ళూ పెద్ద దేశాల దగ్గర తుపాకులు కొనుక్కున్న ఒక చిన్న దేశం, ఇకమీదట మావి మేమే చేసుకుంటామంటే తప్పెలా అవుతుంది? రామమోహన్ వేసిన ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు. వీరభద్రం దగ్గరా లేదు.

వీరభద్రానిది సంగారెడ్డి వైపు. అక్కడి ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తుపాకీ గొట్టాలు తొలిచే పని నేర్చి, నడివయసులో మిషిగన్ వచ్చి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో రామమోహన్ పెట్టిన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. మాట తక్కువ మనిషి. కొత్త మిషను దిగిందంటే మాత్రం పూజ ఆయనదే. మంత్రాలు తండ్రి దగ్గర నేర్చినవి. నేల తడవకుండా ప్లాస్టిక్ బకెట్లో కొబ్బరికాయ కొట్టడం సొంత ఉపాయం. ఎవరి పేర, ఎందుకోసం అన్నది సంకల్పంలో చెప్పనిదే కాయ ముట్టుకునేవాడు కాదు. మంత్రాల మధ్యలో "బ్రేకుల కోసం" అని తెలుగులో వినపడితే కుర్రాళ్ళు నవ్వుకునేవారు.

కార్ల ఆర్డర్లు ఎండిపోయిన ఏడాది ఆ చిన్న దేశం నుంచి కబురు వచ్చింది. అక్కడ కొత్తగా కట్టే ఆయుధాల ఫ్యాక్టరీకి గొట్టాలు తొలిచే మిషన్లు చేసివ్వాలి, వాళ్ళ మనుషులకు పని నేర్పాలి. అనుమతులన్నీ వచ్చాయి. ఆ పని తెలిసినవాడు వీరభద్రం ఒక్కడే. ఈ ఆర్డరు పోతే ఫ్యాక్టరీకి తాళమేనని రామమోహన్‌కు తెలుసు.

మొదటి మిషను పూజనాడు గేటు దగ్గర రామమోహన్ కారు ఆపాల్సి వచ్చింది. ఆ దేశపు విద్యార్థులు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ మధ్య తన కూతురు ఆద్య!

"నీకు కాలేజీ లేదా?"

"ఉంది నాన్నా. ఫీజ్ మీరే కడుతున్నారు, థాంక్స్," అని ఆద్య పక్కసీట్లో ఉన్న వీరభద్రం వైపు వంగింది. "అంకుల్, లోపలికి వెళ్ళొద్దు, ప్లీజ్. మా రూమ్మేట్ వాళ్ళ మదర్ వాళ్ళ కంట్రీలో రోజూ రోడ్ మీద కూర్చుని గవర్నమెంట్ మీద ప్రొటెస్ట్ చేస్తోంది. వాళ్ళకి నైబర్స్‌తో ఫైట్ లేదు. మరి ఎవర్ని షూట్ చేస్తారు?"

"ముందుగాల మీ నాయిన నన్ను షూట్ చేస్తడు బిడ్డా, పూజకు ఆలస్యమైతే," అని నవ్వాడు వీరభద్రం. ఆ నవ్వు లోపలి తలుపు దాకా కూడా నిలవలేదు. రామమోహన్ అది గమనించాడు, గమనించనట్టు ఉన్నాడు.

వీరభద్రం మిషనుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, సంకల్పం మొదలుపెట్టి ఆగాడు. ఆ దేశం నుంచి వచ్చిన అధికారి అరచేతిలో అక్షింతలతో పక్కనే ఉన్నాడు. మొదట చేసే తుపాకులు ఎవరికని వీరభద్రం ఆయన్ని ఇంగ్లీషులో అడిగాడు.

అధికారి దాపరికం లేని మనిషి. ముందు రాజధాని పోలీసులకే అన్నాడు; సరిహద్దుల్లో తమకు ఏ గొడవా లేదని, ఉన్నదంతా లోపలేనని చెప్పాడు.

రామమోహన్ వీరభద్రం చెవి దగ్గరికి వంగాడు. "ఏదో లోకకల్యాణం కోసమని అనేయి, భద్రన్నా. ఆయనకేమన్నా సంస్కృతం వచ్చా?"

"ఆయనకు రాదు."

"సంగారెడ్డిలో అన్నేళ్ళు చేసింది ఇదే పని కదా. అప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకు?"

"అక్కడ ఎన్నడూ అడగలే. ఇయ్యాల అడిగిన. ఆయన చెప్పిండు."

"అయితే పెద్దోళ్ళు అమ్మితే కొనుక్కోవాలి గానీ, చిన్నోళ్ళు సొంతంగా చేసుకుంటే తప్పా? చెప్పన్నా!"

"నువ్వన్నదీ నిజమే. నాకేం తోస్తలేదు రామ్మోహన్."

"నీకు తోచేసరికి నా ఫ్యాక్టరీ మూతపడుద్ది. నువ్వు కాకపోతే వాళ్ళకి నేర్పేదెవరు?" గొంతు పెరిగింది. అధికారి తలెత్తి చూశాడు. రామమోహన్ నవ్వు తెచ్చిపెట్టుకుని, ఒక్క నిమిషం అని ఆయనకు సర్దిచెప్పాడు.

మళ్ళీ ఇటు తిరిగేసరికి వీరభద్రం సింకు దగ్గర చేతుల పసుపు కడుక్కుంటున్నాడు. కోటు వేసుకున్నాడు. వెనక తలుపు తెరిస్తే చలిగాలి లోపలికి కొట్టింది. కొట్టని కొబ్బరికాయ బకెట్ పక్కనే ఉండిపోయింది. వీరభద్రం ఫ్యాక్టరీ చుట్టూ తిరిగి వచ్చి, గేటు దగ్గర చెయ్యెత్తిన ఆద్యను దాటుకుంటూ వెళ్ళాడు. కరిగిన మంచు తొక్కుకుంటూ రోడ్డు దాటాడు.