కేశవన్న చెవిలో చెప్పిన మాట

నిన్న పొద్దున టిఫిన్ చేస్తూ వాట్సాప్ తెరిచిన. మా ఎమ్మెల్యే, మా పెద్దమ్మ కొడుకు, కేశవన్న ఇక లేడట.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

హార్ట్ ఎటాక్. హైదరాబాద్‌లో పెద్ద హాస్పిటల్, ఏసీ రూమ్, మంచం చుట్టూ డాక్టర్లు. అదీ ఆదివారం పూట. అయినా దక్కలేదు.

అప్పటినుంచి ఫేస్‌బుక్ నిండా "మహామేధావి", "పేదల పెన్నిధి". చచ్చినోని కండ్లు చారెడు అని ఊరికే అనలేదు.

నాకు తెలిసిన అన్న గురించి నేను రాస్తున్న. తిట్టుకునేటోళ్లు తిట్టుకోండి.

ఎలక్షన్లలోకి రాకముందు అన్న ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారు. భూపాలపల్లి జిల్లా చిట్యాల దిక్కున్న మా ఊరికి ఆయన కారు వచ్చిందంటే మా అందరికీ గర్వం.

ఒకసారి మా ఇంట్లో నాటుకోడి కూర తింటూ చెప్పిండు. చిన్న ఊర్ల దవాఖానల్లో ఆదివారం డాక్టర్ ఉండుడు దండుగ అని రిపోర్ట్ ఇచ్చిండట.

"ఆదివారం ఎంతమంది వస్తరు చిన్నమ్మా? ఇద్దరో ముగ్గురో."

నన్ను కన్న అవ్వ ఆయనకు ఇంకో ముక్క వేస్తూ అడిగింది. "ఆ ఇద్దరు ముగ్గుర్ల నేనుంటే ఎట్ల బిడ్డా?"

"ఎకనామిక్స్‌ల చిన్నమ్మలుండరు, యావరేజ్ ఉంటది" అని నవ్విండు.

మేమూ నవ్వినం.

తర్వాత మా దవాఖానకు ఆదివారాలు తాళం పడ్డది.

కొన్నేండ్లకు అన్న అదే తాళం ముందు మైక్ పట్టుకొని నిలబడ్డడు. "ఇది ఏసినోళ్లకు సిగ్గుండాలె! నన్ను గెలిపియ్యుండ్రి, డాక్టర్‌ను నేను తెస్త!"

సిగ్గు సంగతి దేవుడెరుగు, చప్పట్లు మాత్రం మోగినయ్. అందరికన్నా ముందు కొట్టింది మా అవ్వ.

గెలిచిండు. తాళం అట్లనే ఉంది.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం అవ్వకు ఛాతిలో నొప్పి లేచింది. ఆటోలో వేసుకొని భూపాలపల్లికి తీస్కపోతూ అన్నకు ఫోన్ చేసిన, అక్కడి డాక్టర్లకు ఒక మాట చెప్తడేమోనని. చేస్తనే ఉన్న. చివరికి పీఏ ఎత్తిండు.

"సార్ మీటింగ్‌ల ఉన్నరు."

నా మాట వినకుండానే పెట్టేసిండు.

అవ్వ దారిలోనే పోయింది.

పెద్దకర్మ నాడు అన్న వచ్చిండు. ఫొటోకు దండ వేసిండు. కెమెరా అబ్బాయి షాట్ సరిగ్గ పడలేదంటే, తీసి మళ్లీ వేసిండు.

ఈ పొద్దున అన్నను ఊరికి తెచ్చిండ్రు. పాడె మోసిన నలుగురిలో నేనూ ఒకణ్ని. కోపం వేరు, భుజం వేరు.

సగం దారిలో దింపుడు కల్లం. పాడె కిందికి దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తం. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే లేస్తడని ఆశ. అన్న కొడుకు ఏడుస్తూ పక్కకు తిరిగిండు.

"తమ్మునివి గదా, నువ్వు పిలువు" అన్నరు పెద్దమనుషులు.

వంగిన. రెండుసార్లు "కేశవన్నా" అని పిలిచిన.

మూడోసారి, ఆ రోజు ఫోన్‌లో చెప్పలేకపోయిన మాట చెప్పిన.

"అన్నా, అవ్వకు ఛాతిల నొస్తుంది. దవాఖానకు తాళమున్నది."

పలకలేదు.

నాకు ఏడుపొచ్చింది. అందరూ అన్న కోసమే అనుకున్నరు.

శాంతిగా పండుకో కేశవన్నా.

ఇక మా ఇంటినుంచి నీకు ఫోన్ రాదు.