రిపోర్టులన్నీ నార్మల్, మనిషి మాత్రం పడిపోతోంది

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాం. పెరుగు తేవడానికి సునీత లేచి వెళ్లి ఫ్రిజ్ తీసింది. ఎంతసేపటికీ రాలేదు. తిరిగి చూస్తే తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "ఏటే, పెరుగు లేదా?" అన్నాను. పలకలేదు. ముందు చేతులు వణికాయి, తర్వాత మనిషే కిందికి జారిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

మా అమ్మ పరుగున వచ్చి తాళాల గుత్తి ఆమె గుప్పిట్లో పెట్టింది. "ఓలమ్మా, ఏటైపోనాదిరా పిల్లకి" అని ఒకటే ఏడుపు. నాలుగైదు నిమిషాలకి ఆగింది. సునీత కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూసి, "నానేటి సేశాను?" అంది.

నేను పోర్టులో క్రేన్ ఆపరేటర్ని. సునీత మా మేనమామ కూతురు, ఎలమంచిలి పిల్ల. పెళ్లయి ఆరేళ్లు. రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసేది. గోపాలపట్నంలో అద్దెకుంటాం, అమ్మ మాతోనే ఉంటుంది. అప్పటివరకూ సునీతకి జ్వరం, జలుబు తప్ప ఇంకో జబ్బు లేదు.

హాస్పిటల్లో క్యాజువాలిటీలో సీటీ స్కాన్ తీశారు. మర్నాడు ఎమ్మారై, ఈఈజీ. అన్నీ నార్మల్. "ఒక్కోసారి ఫిట్స్ ఉన్నా ఈఈజీలో దొరకదు. సేఫ్ సైడ్ మందు మొదలుపెడదాం" అన్నారు డాక్టరు. ఫిట్స్ మాత్రలు రాశారు. వాటితో మత్తు, చిరాకు, తల తిరగడం వచ్చాయి, ఎటాక్స్ మాత్రం తగ్గలేదు. వారానికొకటి వచ్చేది రోజు విడిచి రోజు రావడం మొదలైంది. డోసు పెంచారు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. సునీత ఉద్యోగానికి సెలవు పెట్టింది. రిపోర్టు నార్మల్ అన్న ప్రతిసారీ సంతోషించాలో భయపడాలో నాకు తెలిసేది కాదు.

రెండు నెలల తర్వాత వేరే హాస్పిటల్లో వీడియో ఈఈజీ కోసం మూడు రోజులు అడ్మిట్ చేశాం. తల నిండా వైర్లు, ఎదురుగా కెమెరా. రెండో రోజు ఎటాక్ వచ్చింది. అది రావడం చూసి నేను సంతోషించాను. ఇప్పుడైనా ఏదో ఒకటి తేలుతుంది కదా అని.

న్యూరాలజిస్టు మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఎటాక్ వచ్చినప్పుడు కూడా మెదడు తరంగాలు మామూలుగానే ఉన్నాయి. ఇవి ఎపిలెప్సీ ఫిట్స్ కావు. ఫంక్షనల్ సీజర్స్ అంటాం."

"అంటే నటిస్తోందా మేడమ్?" అన్నాను. సునీత నా పక్కనే ఉంది.

"నటన అని నేనన్నానా? ఆవిడకి నిజంగానే వస్తున్నాయి. ఆపుకోవడం ఆవిడ చేతుల్లో లేదు. కారణం స్కాన్‌లో కనపడేది కాదు, అంతే. సైకాలజిస్టుని కలవండి."

నాకు సగమే ఎక్కింది. ఇంటికొచ్చాక అమ్మ, "ఫిట్స్ కావంటే మరేటిరా?" అని అడిగితే "ఏటో" అన్నాను. ఆ వారమంతా సునీతని దొంగచాటుగా గమనించాను. ఒకసారి ఎటాక్ మధ్యలో, "లే సునీతా, డాక్టరు సెప్పేసింది కదా" అన్నాను కూడా. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అన్నాను.

సైకాలజిస్టు దగ్గర మొదటి మూడు సిట్టింగులూ నన్ను బయటే కూర్చోబెట్టారు. నాలుగోసారి లోపలికి పిలిచారు. "సునీత మీతో ఒక విషయం చెప్పాలనుకుంటోంది. మధ్యలో మాట్లాడకుండా వినండి" అన్నారామె.

సునీత బల్లకేసే చూస్తూ చెప్పింది. "కోల్డ్ స్టోరేజిలోకి శాంపిల్స్ తియ్యడానికి ఎల్లాను బావా. మా మేనేజరు ఎనకాలే వచ్చి తలుపేసేసాడు."

తర్వాత జరిగింది కూడా చెప్పింది. అది ఇక్కడ రాయను. అప్పటికి ఎనిమిది నెలలైందట. ఆ సాయంత్రం ఎప్పట్లాగే ఇంటికొచ్చి వంట చేసిందట. ఆ రోజు నేను ఏ షిఫ్టులో ఉన్నానో, ఆమె ముఖం ఎలా ఉందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

వినమన్నారు కదా. వినలేకపోయాను. "అరవలేదా మరి? ఆ రోజే ఎందుకు సెప్పలేదు?" అనేశాను.

సైకాలజిస్టు ఆపండన్నట్టు చెయ్యెత్తారు. అప్పటికే సునీత కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది. బల్ల అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది. మూడు కుట్లు పడ్డాయి.

కుట్లు వేస్తున్నంతసేపూ కారిడార్‌లో సైకాలజిస్టు నాతో మాట్లాడారు. "భయానికి శరీరం బిగుసుకుపోతుంది. ఫ్రీజ్ అంటాం. గొంతు రాదు. అరవలేదంటే ఒప్పుకుందని కాదు." కుట్లు వేస్తున్న గది తలుపు వైపు చూసి, "మీరడిగిన రెండు ప్రశ్నలూ ఆమె ఎనిమిది నెలలుగా తనని తానే అడుక్కుంటోంది" అన్నారు.

ముందే ఎందుకు చెప్పలేదో రెండు రోజుల తర్వాత సునీతే చెప్పింది. "నువ్వేటంటావో నాకు తెలుసు బావా. మీ క్యాంటీన్లో పనిసేసే ఆవిడ కంప్లైంటు ఇచ్చినప్పుడు ఏటన్నావు? నెల్రోజులు ఊరుకుని ఇప్పుడేటి, అన్నావు. అన్నం తింటూ అన్నావు. నానే వడ్డిత్తన్నాను."

అన్నాను. ఆమె గుర్తు చేసేవరకూ అన్నట్టు కూడా గుర్తు లేదు. ఆ ఫిర్యాదు మాతో పనిచేసే గ్యాంగులో మనిషి మీదే. పనిమంతుడు, అందరికీ సాయం చేసేవాడు. మేమంతా అతని పక్షమే మాట్లాడాం. నేను ఎప్పుడూ సునీత మీద చెయ్యెత్తలేదు, ఇంట్లో గిన్నెలు తోముతాను, ఆమె ఉద్యోగానికి అడ్డు చెప్పలేదు. నేను ఆ రకం మగాణ్ణి కాదని గట్టి నమ్మకంతో ఉండేవాణ్ణి. అలాంటప్పుడు మా ఆవిడ ఎనిమిది నెలలు నాకు భయపడిందంటే నేనేం రకం? ఎంత ఆలోచించినా తేలలేదు.

అమ్మకి చెబితే, "బయటపడితే మనకే సిగ్గు. నోరు మూసుకుంటే అన్నీ సర్దుకుంతాయి" అంది. పోర్టులో నాతో పనిచేసే ఒక స్నేహితుడికి చెప్పాను. "ఉద్యోగం మానిపించెయ్‌రా. ఆడోళ్లకి ఆ కంపెనీలు మంచివి కావు" అన్నాడు. "తప్పు సేసినోడు ఉండాల, ఇది మానెయ్యాలా?" అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, మానిపించేద్దామని ముందురోజు నేనూ అనుకున్నాను.

ఏదో ఒకటి చెయ్యాలన్న కసి పట్టుకుంది. డీటీపీ సెంటర్లో కూర్చుని కంప్లైంటు టైపు చేయించి, ప్రింటు తెచ్చి సంతకం పెట్టమన్నాను. సునీత చదివి, మడిచి, నాకే ఇచ్చేసింది.

"ఆడూ నన్ను అడగనేదు. నువ్వూ అడగనేదు."

వాడినీ నన్నూ ఒకే మాటలో ఎలా కలిపిందో నాకు అర్థం కాలేదు. కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు కొంత అర్థమైంది. పూర్తిగా అయిందని చెప్పలేను.

ఆ తర్వాత ఊరుకున్నాను. ఊరుకోవడం సాయమో చేతకానితనమో తెలియకుండానే. సునీత వారం వారం సిట్టింగులకు వెళ్లేది. ఫిట్స్ మాత్రలు న్యూరాలజిస్టు మేడమే కొద్దికొద్దిగా తగ్గించి ఆపేశారు. ఎటాక్ వచ్చే ముందు చేతులు చల్లబడతాయని సునీత కనిపెట్టింది. అప్పుడు పాదాలు నేలకి నొక్కిపెట్టి, ఎదురుగా కనపడే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పమని నేర్పారు. "గోడగడియారం, బకెట్టు, బావ చెప్పులు..." అని ఆమె చెబుతుంటే నేను పక్కన కూర్చునేవాణ్ణి. కొన్నిసార్లు ఆగేది, కొన్నిసార్లు ఆగేది కాదు.

నెలన్నర తర్వాత కంప్లైంటు తనే రాసుకుంది. తన చేత్తో, రెండు పేజీలు. అది కంపెనీలో ఇస్తే, ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీ ముందుకు పిలిచారు. అక్కడ ఒక మేడమ్, "ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారమ్మా?" అని అడిగిందట.

"మీరిలా అడుగుతారనే" అందట సునీత.

బయటికొచ్చి ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె చేతులు పట్టుకున్నాను. వెచ్చగానే ఉన్నాయి. కానీ కమిటీ వాళ్లు గడువు దాటిపోయిందన్నారు. కావాలంటే పోలీసులకి ఇచ్చుకోవచ్చన్నారు. ఇస్తానంది సునీత.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మా సునీతా పెరట్లో గోంగూర ముందేసుకుని కూర్చున్నారు. ఇద్దరి కళ్లూ ఉబ్బి ఉన్నాయి. ఏమైందని తర్వాత సునీతని అడిగాను. "అది అత్త సెప్పుకోవాల. నాను సెప్పకూడదు" అంది. అమ్మ ఇంతవరకూ చెప్పలేదు. నేను అడగలేదు. నోరు మూసుకోమన్న ఆ అమ్మే తర్వాతి సోమవారం చీర మార్చుకుని తయారై, "నానూ వత్తాను" అని సునీతతో పోలీస్ స్టేషన్‌కి వచ్చింది. స్టేట్‌మెంట్ రాసుకున్న మూడు గంటలూ బెంచీ మీద నుంచి లేవలేదు.

ఆ వారంలో నాలుగు ఎటాక్స్ వచ్చాయి. అంతా మళ్లీ మొదటికొచ్చిందని బెదిరిపోయాను. "ఇలా జరుగుతుంది. వెనక్కి పోయినట్టు కాదు" అన్నారు సైకాలజిస్టు. నిజమే, నెమ్మదిగా తగ్గాయి. ఇప్పుడు చివరి ఎటాక్ వచ్చి మూడు నెలలు దాటింది. సునీత నీళ్లు పరీక్షించే ఒక ల్యాబ్‌లో చేరింది. కేసు కోర్టులో ఉంది. మేనేజరు బెయిల్ మీద ఉన్నాడు. ఏమవుతుందో తెలియదు.

మా క్యాంటీన్లో పనిచేసిన ఆవిడకి క్షమాపణ చెబుదామని వెళ్లాను. ఆమె ఎప్పుడో మానేసిందట. ఎక్కడుందో ఎవరికీ తెలియదు. డ్యూటీలో ఎవరైనా ఆడవాళ్ల గురించి అలాంటి మాటంటే ఇప్పుడు నేను నవ్వడం లేదు. ఒక్కోసారి ఎదురు చెబుతాను, ఒక్కోసారి ధైర్యం చాలక ఫోన్ చూసుకుంటాను. మారానా అంటే ఏం చెప్పాలో తెలియదు.

ఇంత అయోమయంలోనూ నాకు ఖాయంగా తెలిసింది ఒకటే. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి విషయం చెబితే, ఆ రోజు "ఎందుకు" అన్న ప్రశ్న ఒక్కటీ వెయ్యకండి. "ఇప్పుడు నీకేం కావాలి?" అని అడగండి. జవాబు రావడానికి నెలలు పట్టినా ఆగండి.

ఇదంతా రాశాక సునీతకిచ్చి, పత్రికకి పంపమంటావా అని అడిగాను. రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుంది. ఒక పేరా మొత్తం కొట్టేసి ఇచ్చింది. ఎందుకని నేను అడగలేదు. మిగిలింది పంపుతున్నాను.