వంటింటి గోడ తీయించిన కోడలు

ఆ రోజుల్లో ఎంత గొప్ప మిద్దె కట్టినా, వంటింటిని మాత్రం చేయకూడని పనేదో చేసినట్టు వెనకాల చీకట్లో దాచేవారు. ఇప్పటివాళ్ళు గోడ లేని వంటిల్లు పెట్టుకుని, తామే కనిపెట్టినట్టు నన్ను పిలిచి చూపిస్తుంటే నవ్వొస్తుంది. ఆ ఘనకార్యం నేను పందొమ్మిది వందల అరవైలలోనే అల్లూరులో చేయించాను. చేయించి, అనుభవించాను కూడా.

మా పుట్టిల్లు బిట్రగుంట రైల్వే కాలనీ. మా క్వార్టర్సులో వంటచేసే చోటుకీ కూర్చునే చోటుకీ మధ్య నడుమెత్తు గోడే ఉండేది. అమ్మ పప్పు ఎనుపుతూనే నాన్నతో పోట్లాడేది (పోట్లాటకు గాలీ వెలుతురూ ధారాళం). అక్కణ్ణుంచి తెచ్చి నన్ను అల్లూరులో వరిపొలాలున్న ఇంట్లో, కిటికీ లేని వంటింట్లో, ఊక పొయ్యి ముందు పడేశారు. పొగకు నా కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. చూడవచ్చిన ఆడవాళ్ళు పుట్టింటి మీద బెంగనుకుని ఓదార్చి, కాఫీ తాగి వెళ్ళేవారు.

పెరటి తలుపు తీస్తే సముద్రపు గాలి వంటింట్లోకి వచ్చి, హాలుకు అడ్డంగా ఉన్న గోడకు కొట్టుకుని ఆగిపోయేది. ఆ గోడ తీయించమని మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన భయపడుతూనే వాళ్ళ నాన్నకు చెప్పారు. మామగారు మాటల పొదుపరి. "గాలొస్తాదంటే తీయించు" అని ఊరుకున్నారు. అత్త మాత్రం నన్ను పక్కకు పిలిచింది.

"గోడ తీసేస్తే మనం యాడ కూర్చునేదమ్మే?"

"ఇల్లంతా మనదే గదత్తా!" అన్నాను. అంతా రైల్వే కాలనీ తెలివి.

బేల్దారి మేస్త్రి వచ్చి, పైన దూలం ఎత్తి, గోడ పడగొట్టాడు. దుమ్మంతా కడిగాక పెరటి తలుపు తీస్తే గాలి వీధి వాకిలి దాకా ఈల వేసుకుంటూ పోయింది. గెలిచాననుకున్నాను. అంతలో అంతవరకూ వీధి అరుగు మీదుండే మామగారి పడక కుర్చీ ఆ గాలి కోసం లోపలికొచ్చింది. వచ్చి, సరిగ్గా వంటింటి వైపు తిరిగి కూర్చుంది.

మా ఇళ్ళలో కోడలు మామ ఎదుటా, పెళ్ళాం మొగుడి ఎదుటా కూర్చోకూడదు. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుంటే తప్పులేదట, పీట వేసుకుంటే తప్పట (ఈ చట్టం చేసింది ఎవరో గానీ, వాళ్ళు ఏనాడూ వంట చేసుండరు). గోడ ఉన్నన్నాళ్ళూ నేనూ అత్తా దాని వెనక కాళ్ళు బారజాపుకుని ఊరి సంగతులన్నీ చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఆయన దగ్గితే లేవాలి, ఇటు తిరిగితే లేవాలి. రోజంతా గుంజీళ్ళే. పాపం, ఆయనకూ సుఖం లేదు. ఆవులించినప్పుడల్లా ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు దిగ్గున లేచి నిలబడుతుంటే ఏ మనిషికి కునుకు పడుతుంది?

దానికి తోడు నాకు ఆరో నెల. సాయంత్రానికి పాదాలు పొంగి, మెట్టెలు వేళ్ళకు బిగుసుకుపోయేవి. ఒళ్ళు అలిసిపోయి ఊరికే ఏడుపొచ్చేది. మళ్ళీ గోడ కట్టించండని అడగడానికి నాకు మొహం లేదు. పోనీ అత్తను అడగమంటే, "నేనడగను తల్లీ. ఆయన గాలి మరిగినాడు. పిలిచింది నువ్వే, పొమ్మనేదీ నువ్వే" అంది.

ఒకనాటి మధ్యాహ్నం మామగారు పొలానికి పోయారు కదా అని, పీట వేసుకుని కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. వీధి వాకిట్లోంచి ఆయన, వెనకే మా ఆయన లోపలికి వచ్చేశారు. కంగారుగా లేవబోయి, ఆసరాకు గోడ మీద చెయ్యి వేశాను. గోడెక్కడిది? చిక్కుడుకాయలతో సహా మళ్ళీ పీట మీదే కూలబడ్డాను. మామగారు నా పాదాల వంక ఒక్కసారి చూసి, చప్పున తల తిప్పుకున్నారు.

"ఒరే, ఈ కుర్చీ వీధి వైపు తిప్పరా. ఎవురొస్తా ఉండారో, ఎవురు పోతా ఉండారో తెలవడంలా" అన్నారు మా ఆయనతో.

ఆ తర్వాత ఆయన వంటింటి వైపు మొహం తిప్పలేదు. ఏ గాలి కోసం లోపలికొచ్చారో ఆ గాలి ఆయన మెడ వెనక మాత్రం తగిలేది. దాహం వేస్తే వీధిని చూస్తూనే "రవంత మంచినీళ్ళమ్మా" అనేవారు. ఒకసారి దారినపోయే చేపలామె "నన్నా అయ్యా?" అని తట్ట దించేసింది.

అత్త మాత్రం, "ముప్పయ్యేళ్ళ కాపురంలో నాకోసం చెంబు పక్కకు జరిపినోడు కాడు. నీకు కుర్చీ తిప్పినాడే!" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు నవ్వు రాలేదు. ఆవిడ పక్కకు ఇంకో పీట జరిపాను. ఇద్దరం కూర్చున్నాం.

నన్ను కూర్చోమని మామగారు నోటితో ఏనాడూ అనలేదు. అనడం ఆయనకు చేతకాలేదు. ఇప్పుడు నా మోకాళ్ళు అప్పటి ఆయన వయసు ఎప్పుడో దాటేశాయి. వంటగదికి గోడ లేని ఇంట్లో, నా ఎదురుగానే కోడలు కుర్చీలో కాళ్ళు మడుచుకుని వెల్లుల్లి ఒలుస్తుంటుంది. అయినా ఉండుండి నా నోట "కూర్చోమ్మా, కూర్చో" అని వచ్చేస్తుంది.

"కూర్చునే ఉండాను గదత్తా!" అంటుంది తను, తలైనా ఎత్తకుండా.