బకెట్టు కట్టుకున్న ఆర్డిస్

"ఆ షాపువాడు గులాబీ రంగుది చేతిలో పెట్టాడు నాకు. 'ఇది ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసమే చేశారండీ, పర్సులో పట్టేస్తుంది, బరువే తెలీదు' అని ఒకటే పొగడ్త. నేను వచ్చింది తుపాకీ కోసమయ్యా, సబ్బుపెట్టె కోసం కాదు అన్నాను. వాడికి నవ్వు రాలేదు. ఇదుగో, ఇక్కడ మెల్లగా పోనీ, గుంటలున్నాయి."

మెల్లగా పోనిచ్చాను. మోంటానాలో మంచు కరిగే రోజుల్లో మట్టిరోడ్డు మీద ఎవరైనా మెల్లగానే పోతారు. కానీ ఆర్డిస్ పక్కన కూర్చుంటే ఆ సంగతి ఆవిడ చెప్పాకే మనకు తెలిసినట్టు ఉండాలి. కుడి మణికట్టుకు వేసిన సిమెంటు కట్టు తీసేశారు గానీ పట్టు ఇంకా రాలేదు. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ మాట్లాడుతోంది. చెయ్యి కుదుటపడేదాకా ఆవిడ ట్రక్కు నడిపే పని నాది.

"మరి ఆ సబ్బుపెట్టె పేల్చి చూశావా?" అన్నాను.

"చూశాను. ఒక్కసారే. బరువు లేని తుపాకీ గుర్రప్పిల్లలాగా తంతుంది, కన్నా. దెబ్బంతా ఇక్కడికే వచ్చింది." మణికట్టు చూపించింది. "బరువు లేకపోవడం మోసేవాడికి సుఖం, పేల్చేవాడికి కాదు. ఆ అమ్మేవాడు మోశాడే గానీ ఎప్పుడూ పేల్చి ఉండడు."

ఆ మణికట్టు కిందటేడు హకిల్‌బెర్రీ కొండ మీద విరిగింది. హకిల్‌బెర్రీ అనే ఊదారంగు అడవిపండు ఎవరి తోటలోనూ పండదు. ఎన్ని నీళ్ళు పోసినా, ఎంత బతిమాలినా కొండ దిగి రాదు. దానికోసం మనిషే ఎక్కాలి, లేదా ఎలుగుబంటి ఎక్కాలి. ఎవరి చోటు వాళ్ళకు రహస్యం. పెళ్ళాడిన మనిషికి కూడా చెప్పని వాళ్ళున్నారు. ఆర్డిస్ తన చోటు భర్త క్లిఫ్‌కి మాత్రం చెప్పింది, అదీ ఆయన ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉండగా. నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడం వల్లే ఆవిడ వంటింట్లో నాకొక కుర్చీ ఉందనుకుంటాను.

నిండిన బకెట్లతో దిగుతూ ఆర్డిస్ జారిపడి, విరిగిన చేత్తోనే ట్రక్కు దాకా వచ్చింది. ఆ వారంలోనే ఆవిడ మరిది వెండెల్ చెట్టుకు కట్టిన కెమెరాలో పిల్లలతో ఉన్న గ్రిజ్లీ ఎలుగు కనబడింది. కొండకు దారి వెండెల్ పశువుల మేత భూముల్లోంచే. ఆయన గేటుకు కొత్త తాళంకప్ప వేశాడు.

"పళ్ళు కావాలంటే కొనుక్కో, ఆర్డిస్. ఇక ఒక్కదానివే వెళ్ళడానికి లేదు" అన్నాడు.

"తోడు తీసుకెళ్ళమంటావా? చోటు చూపించమంటావా?" అంది ఆవిడ.

అది ఆయనకూ న్యాయంగా తోచలేదు. ఎలుగు వస్తే ఏం చేస్తావని అడిగాడు. క్లిఫ్ వాడిన పెద్ద మాగ్నమ్ రివాల్వర్ ఉందంది. దాన్ని ఎప్పుడైనా పేల్చావా అన్నాడు. మోశానే గానీ పేల్చలేదంది ఆర్డిస్.

ఆ ఊళ్ళో చాలామంది సంగతి ఇదే. ఎలుగుకి ఎంత పెద్దదైతే అంత మంచిదని, చెయ్యంత తుపాకీ కొని నడుముకి కట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతారు. చేతికి అలవాటు చేసుకునేవాళ్ళు తక్కువ. ఆర్డిస్ ఆ రోజే క్లిఫ్ మాగ్నమ్ తీసుకుని కంకర గుంటకు వెళ్ళి ఎడమ చేత్తో పేల్చి చూసింది. తరువాత నాతో అంది: "గుండు ఎటు పోయిందో నాకు తెలీదు. ఎందుకంటే కళ్ళు మూసుకున్నాను. రెండోసారి పేలకముందే మూసుకున్నాను. ఇన్నాళ్ళూ నేను మోసింది తుపాకీ కాదు, క్లిఫ్ మీద బెంగ."

ఊళ్ళో కూడా అది పనికి రాలేదు. ఆర్డిస్ హైవే పక్కన బట్టలుతికే మిషన్ల దుకాణం చూసుకుంటుంది. చలికాలంలో తాళం వేసే వేళకే చీకటి పడుతుంది. ఒక సాయంత్రం ఎవరో మనిషి ఆవిడకూ ట్రక్కుకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, నవ్వి, వెళ్ళిపోయాడు. అంతే జరిగింది. ఆ నవ్వు మాత్రం ఆవిడ దగ్గర ఉండిపోయింది. మాగ్నమ్ కోటు కింద పట్టదు గనక ఆ వేళ ఇంట్లో సొరుగులో ఉంది.

చివరకు వెండెల్ ఒక ఒప్పందానికి వచ్చాడు. ఏటా బెర్రీలు పండేముందు ఆయన కంకర గుంట దగ్గర చుట్టుపక్కలవాళ్ళు చేరి గురి చూసుకుంటారు. మంచు మీద జారే పాత బండి మీద చెక్క ఎలుగుని నిలబెట్టి, కప్పీ మీదుగా తాడు వేసి, గురి చూసేవాళ్ళ వెనకనుంచి నాలుగు చక్రాల బండితో లాగుతారు. ఎలుగు మనమీదికి పరుగెత్తుకొస్తుంది. అది సున్నపు గీత దాటకముందే దాని రొమ్ము మీది పళ్ళెమంత వృత్తంలో తగిలితే తాళంచెవి ఆర్డిస్‌ది. తగలకపోతే ఆ ప్రస్తావన మళ్ళీ రాకూడదు.

అందుకే ఈ తుపాకీ వేట.

"కొండకొకటి, ఊరికొకటి కొనుక్కోమంటున్నారుగా అందరూ" అన్నాను దారిలో.

"రెండు రకాల స్టవ్వుల మీద వండితే ఏదో ఒకదాని మీద మాడుతుంది. నా చేతికి ఒకటే తెలియాలి. ఆపు, ఇక్కడే."

అది నోరీన్ అనే ఆవిడ నడిపే చిన్న షాపు. నోరీన్ మాట తక్కువ మనిషి. ముందు తుపాకీ చూపించలేదు. "చెయ్యి ఇలా తే" అని ఆర్డిస్ అరచెయ్యి తిప్పి చూసింది, వేళ్ళ పొడుగు చూసింది, మణికట్టు నొక్కింది.

"నొప్పా?"

"లేదు."

"అబద్ధమాడితే వేరే షాపుకెళ్ళు."

"కొంచెం" అంది ఆర్డిస్.

తూటాల అర పిడిలో ఉండే పిస్టళ్ళు మూడు నాలుగు పెట్టింది. పైభాగం వెనక్కి లాగాలి వాటికి. ఆ మణికట్టుతో ఆర్డిస్ లాగలేకపోయింది. అదెలాగో నేర్పుతానంది నోరీన్, నేర్చుకుంటానంది ఆర్డిస్. కానీ నోరీన్ ఏదో ఆలోచించి లోపలికి వెళ్ళి ఒక పాత ఉక్కు రివాల్వర్ తెచ్చింది. పెద్దది కాదు, చిన్నదీ కాదు. చెక్క పిడి ఎవరి చేతిలోనో అరిగి నున్నబడింది. వెనక కొట్టంలోకి వెళ్ళారు. మెత్తగా పేలే తూటాలు ముందు, గట్టివి తరువాత. నేను చెవులు మూసుకుని బయట నిలబడ్డాను.

వచ్చాక ఆర్డిస్ మొహంలో ఏమీ లేదు. బాగాలేదేమో అనుకున్నాను.

"ఎలా ఉంది?"

"ఏమీ అనిపించలేదు. కూరగాయలు తరిగే చాకు పట్టుకున్నప్పుడు ఏమైనా అనిపిస్తుందా? అట్లా ఉంది."

"అదే నీది" అంది నోరీన్. "ఊళ్ళో మెత్తవి పెట్టు, కొండ మీద గట్టివి. తుపాకీ అదే, ట్రిగ్గర్ అదే. ఇక కట్టుకునే సంగతి. రేపు రా. ఊళ్ళో వేసుకునే కోటు తీసుకురా, కొండ మీద వేసుకునేవన్నీ తీసుకురా."

మర్నాడు ఆర్డిస్ కోటుతో పాటు తన బెర్రీల బకెట్టు కూడా తెచ్చింది. ఇక్కడ పళ్ళు కోసేవాళ్ళు బకెట్టుకి బెల్టు దూర్చి కడుపు ముందు కట్టుకుంటారు, రెండు చేతులూ పొదలో ఆడాలి గనక. కోటు కింద నడుముకి ఒర బాగానే కుదిరింది. అదే ఒరతో బకెట్టు కట్టుకుని తుపాకీ తియ్యబోయింది. చెయ్యి పోయి బకెట్టుకి కొట్టుకుంది. వంగింది, బకెట్టు జారి సరిగ్గా పిడి మీదికొచ్చి కూర్చుంది.

నోరీన్ బకెట్టుని చేత్తో పక్కకి జరిపి చూసింది.

"ఇన్నేళ్ళు క్లిఫ్ మాగ్నమ్ నడుముకి కట్టుకుని, దాని మీద బకెట్టు కట్టుకుని తిరిగాను" అంది ఆర్డిస్ నెమ్మదిగా. "ఎలుగు వస్తే పళ్ళు పెట్టి పంపించాల్సి వచ్చేది."

నోరీన్ గోడ మీంచి ఒక తోలు ఒర దించింది. నదిలో నడుములోతున దిగి చేపలు పట్టేవాళ్ళు తడవకుండా రొమ్ము మీద కట్టుకునే రకం. పట్టీలు ఆర్డిస్ తనే విప్పి తన కొలతకు కుట్టుకుంది.

వసంతమంతా ఆవిడ వంటింట్లో ఖాళీ రివాల్వర్‌తో, గోడ మీది క్యాలెండరులోని దుప్పి మీద గురి చూసుకుంది. బకెట్టు కట్టుకునే. తూటాలు పక్క గదిలో పెట్టి తలుపేసి, ఖాళీగా ఉందని నాకు చూపించి మరీ మొదలుపెట్టేది. వారానికోసారి కంకర గుంటకు. మణికట్టు మెల్లమెల్లగా మాట విన్నది.

ఆ రోజు వచ్చింది. ఎండ బాగా కాసింది. మడత కుర్చీలు, మంచుపెట్టెల్లో సోడాలు, చెవులకు మూతలు పెట్టుకున్న జనం. ఆర్డిస్ ట్రక్కు దిగి బకెట్టు కట్టుకుంది. అందులో కిందటేటి బెర్రీలు, ఫ్రీజరులో అడుగుబడి పనికిరానివి, కరిగి ఊదారంగు రసంలో తేలుతున్నాయి.

వెండెల్ చూసి నవ్వాడు. "ఏంటి ఆర్డిస్, పాలు పితకడానికొచ్చావా?"

"కొండ మీద ఎలా ఉంటానో అలా వచ్చాను. ఎలుగు ముందే కబురంపి బకెట్టు విప్పుకోమంటుందా?"

"అది ఒప్పందంలో లేదు."

"నువ్వు అడిగింది, ఎలుగు వస్తే ఏం చేస్తావని. అదే చేసి చూపిస్తాను. కాకపోతే ముందు నువ్వు."

"నేనా?"

"నీ నడుముకుందిగా అంత పెద్దది. తూటాలు తీసెయ్. నా బకెట్టు కట్టుకో. ఊరికే ఒరలోంచి తీసి చూపించు చాలు, నీ మాటే గెలిచినట్టు. కొనుక్కున్న పళ్ళే తింటాను."

జనం కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. తప్పుకోవడానికి వెండెల్‌కి దారి లేదు. తూటాలు తీసి, ఖాళీ అని అందరికీ చూపించి, బకెట్టు కట్టుకుని గీత వెనక నిలబడ్డాడు. తాడు లాగారు. చెక్క ఎలుగు కంకర చిమ్ముకుంటూ వచ్చింది. ఆయన చెయ్యి నడుము మీదికి పోయింది, బకెట్టుకి తగిలింది. రెండో చేత్తో బకెట్టుని తొయ్యబోయాడు. అది ఇటు ఒరిగి, అందులో ఉన్నదంతా ఆయన ప్యాంటు మీద, బూట్లలో. తుపాకీ పిడి ఇంకా బకెట్టు బెల్టు కిందే ఉంది. ఎలుగు వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర మర్యాదగా ఆగింది.

"పెట్టావుగా పళ్ళు, ఇక వెళ్ళిపోతుందిలే" అన్నారు ఎవరో వెనకనుంచి.

హకిల్‌బెర్రీ మరక పోదు. వెండెల్ కిందికి చూసుకున్నాడు, తల ఊపాడు, బకెట్టు విప్పి ఆర్డిస్‌కిచ్చాడు. "సరే, నీ వంతు" అన్నాడు. నవ్వలేదు, కోపమూ లేదు. మనిషి నిజంగా చూడదలుచుకున్నాడు.

ఎలుగుని మళ్ళీ దూరం తీసుకెళ్ళి నిలబెట్టారు. బకెట్టులో గులకరాళ్ళు నింపుకుంది ఆర్డిస్. పొదలో కోస్తున్నట్టు వంగింది. తాడు బిగిసింది. ఎలుగు కదిలిన చప్పుడుకి ఆవిడ తల ఎత్తింది, చెయ్యి రొమ్ము మీదికి వెళ్ళింది, అంతే, రివాల్వర్ రెండు చేతుల మధ్య ఉంది. దుమ్ములో ఎలుగు పెద్దదవుతోంది. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను. పేలింది, పేలింది, మళ్ళీ పేలింది. లాగేవాళ్ళు బండి ఆపేశారు. ఎలుగుకూ గీతకూ మధ్య ఇంకా మంచం పట్టేంత చోటుంది.

వెండెల్ వెళ్ళి చూశాడు. వృత్తంలో ఒక రంధ్రం, దాని పక్కనే ఇంకొకటి.

"మూడోది కనబడట్లేదే?"

"చెవి చూడు" అంది ఆర్డిస్ అక్కణ్ణుంచే. "అది తప్పిపోయింది. అది లెక్కలో కలపకు."

అప్పుడు లేచారు జనం. నోరీన్ చప్పట్లు కొట్టలేదు గానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. వెండెల్ తాళంచెవుల గుత్తిలోంచి ఒకటి తియ్యడానికి ఊదారంగు వేళ్ళతో తంటాలు పడ్డాడు.

"ఎలుగు మొహాన కొట్టే కారపు స్ప్రే కూడా పట్టుకెళ్తావుగా?"

"ముందు స్ప్రే. ఇంకేదీ పని చెయ్యకపోతేనే ఇది."

"దిగొచ్చాక గేటు దగ్గర హారన్ కొట్టు. కొట్టకపోతే నేనే ఎక్కుతా, నీ చోటు నాకు తెలిసిపోతుంది."

"కొడతాను" అంది. తాళంచెవి రొమ్ము మీది ఒర పట్టీకే తగిలించుకుంది.

ఆ ఏడు లోయంతా విన్నది ఆ హారన్. ఒకసారి కొడితే సరిపోయేదానికి గేటు నుంచి వెండెల్ ఇంటి మలుపు దాకా మోగిస్తూనే వచ్చేది. గ్రిజ్లీని ఒక్కసారి చూసిందట, అవతలి వాలు మీద పిల్లలతో, అదీ బెర్రీలే తింటూ. ఆర్డిస్ గట్టిగా మాట్లాడుతూ వెనక్కి నడిచింది. "సగం కొండ దానికిచ్చాను. దానికి ఇద్దరు పిల్లలు" అంది. రివాల్వర్ ఒరలోంచి రానేలేదు. రోడ్డు పక్క దుకాణానికి కూడా అదే, కోటు కింద. ఇప్పుడు తాళం వేస్తూ పాట పాడుకుంటోంది. గొంతు బాగుండదు.

మొన్న జామ్ సీసాలకు మూతలు బిగిస్తున్నాం. రెండు సీసాలు పక్కన పెట్టి, వంటింటి సొరుగులోంచి బట్టల కొలతలు తీసే టేపు తీసి నా జేబులో తోసింది. బల్ల మీద అప్పటికే కొత్త తోలు ముక్క ఒకటి పరిచి ఉంది.

"వెళ్ళేటప్పుడు వెండెల్ దగ్గర ఆగు. జామ్ ఇవ్వు, కాఫీ పోస్తే తాగు. మాటల్లో పెట్టి వాడి రొమ్ము చుట్టుకొలత తీసుకురా. చొక్కా కోసమని చెప్పు, ఇంకేదైనా చెప్పు నీ ఇష్టం. ఒర అని మాత్రం అనకు."