బీరువాలో పాపసంకీర్తనం

పొట్టి టీచరమ్మకు రెండో తరగతంటే ప్రాణం. ఆ కథోలిక బడిలో లెక్కలు, వాచకం, మతపాఠమైన సత్యోపదేశం, అన్నీ ఆ పిల్లలకు ఆవిడే చెప్పేది. పై తరగతికి మారుస్తామంటే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఆపించుకునేది. "ఇన్నేళ్ళయినా రెండో తరగతి దాటవేమే నువ్వు?" అని మొగుడు ఏడిపించేవాడు.

అలాంటిది ఆ ఏడు పీకల మీదికొచ్చింది. అంతకు ముందేడు పిల్లలు మొదటి పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు చర్చి ఫాదర్‌కు చెప్పుకోవడానికి వెళ్ళి, ఆ గురువుగారి ముందు నోరు పెగలక గొల్లుమని ఏడ్చారు. "ఈసారీ ఏడిస్తే ఈ తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తాను," అని హెడ్‌మిస్ట్రెస్ పెద్ద సిస్టర్ తేల్చి చెప్పేశారు.

టీచరమ్మ ఊరుకుంటుందా? తరగతి గదిలోని జాలీ తలుపుల బీరువా ఖాళీ చేసి, తనే గురువుగారై అందులో దూరింది. ఒక్కొక్కరే వచ్చి మోకరించి, జాలీలోంచి తమ పాపం చెప్పాలి. తీరా చూస్తే అందరిదీ ఒకటే పాపం. "తమ్ముణ్ణి కొట్టాను ఫాదర్." తమ్ముడు లేనివాళ్ళు కూడా కొట్టేశారు. ఆవిడకు ఒళ్ళు మండింది.

"అరువు పాపాలు నాకొద్దు! రేపు ఎవరి పాపం వాళ్ళు తెచ్చుకోండి."

టీచరు తెమ్మన్నాక తేకుండా ఉంటారా? మర్నాడు పొద్దున్నే తల్లులు గేటు దగ్గర బారులు తీరారు. ఒకరింట్లో చక్కెర డబ్బా నిండా ఉప్పు. ఇంకొకరింట్లో తాతగారి పళ్ళసెట్టు చేపలతొట్టిలో తేలింది.

"హోంవర్కట! మీరే చెప్పారట!" అని విరుచుకుపడ్డారు.

గోల విని పెద్ద సిస్టర్ వచ్చారు. "ఆ పాఠమేదో నేనే వింటాను, పక్కకు జరగండి," అని తన భారీ శరీరాన్ని ఎలాగో బీరువాలో ఇరికించుకున్నారు. పిల్లలు తడుముకోలేదు. సొంత సరుకు కదా, ఉప్పు, పళ్ళసెట్టు, అన్నీ గడగడా ఒప్పుకున్నారు. లోపలి నుంచి "ఊఁ" తప్ప ఇంకేమీ వినబడలేదు.

చివరికి మిగిలింది తరగతిలోకెల్లా బుద్ధిమంతురాలు. పాపం, ఆ పిల్ల ఏ పాపమూ తేలేదు. పెదవులు వణుకుతున్నాయి, కళ్ళు నిండుతున్నాయి. ఒకతె ఏడిస్తే చాలు, తరగతంతా అందుకుంటుంది.

పిల్ల అటూ ఇటూ చూసింది. చటుక్కున లేచి, బీరువా గడియ బిగించి, మళ్ళీ మోకరించింది.

"ఫాదర్, నేను పెద్ద సిస్టర్‌గారిని బీరువాలో పెట్టి గడియ వేశాను."

లోపలి నుంచి సిస్టర్ తలుపు ఒకసారి నెట్టి చూశారు.

"ఎప్పుడమ్మా?"

"ఇప్పుడే ఫాదర్."

"తప్పు చేశానని బాధపడుతున్నావా?"

పిల్ల నిజాయితీగా ఆలోచించింది. "ఇంకా లేదు ఫాదర్. ఇప్పుడేగా వేసింది!"

బీరువా ఊగిపోయింది. సిస్టర్‌కు కోపం వచ్చిందనుకుని టీచరమ్మ పరుగున వెళ్ళి గడియ తీసింది. పెద్ద సిస్టర్ పొట్ట పట్టుకుని బయటపడ్డారు. నవ్వీ నవ్వీ ఆవిడ చెంపలు తడిసిపోయాయి.

"ఈ తరగతిలో ఇవాళ ఏడ్చింది నేనొక్కదాన్నే," అన్నారు రొప్పుతూ. "ఈ తరగతిని మీరే ఉంచుకోండి టీచర్. ఇంకొకరికిస్తే వాళ్ళు బతకరు."